నాలుగు దినుసుల రసాయనం: చిన్న బ్రూవరీల వెంట ఒక విజ్ఞానయాత్ర

వేసవి సెలవులు వచ్చాయంటే కారులో సుదూర ప్రయాణాలు చేయడం ఈ దేశంలోని మన తెలుగు కుటుంబాలకు ఆనవాయితీ అయింది. జాతీయ ఉద్యానవనాలు, జలపాతాలు, దేవాలయాలు, బంధుమిత్రుల ఇళ్ళు, ఈ నాలుగింటి చుట్టూ మన ప్రయాణాలు అల్లుకొని ఉంటాయి. గత నలభై ఏళ్ళలో ఈ దారుల పొడుగునా అయిదవది ఒకటి వెలిసింది. కొలరాడో కొండల నడుమ చిన్న పట్టణమైనా, ఆరెగన్ తీరంలో పల్లె వంటి ఊరైనా, ఏదో ఒక పాత గిడ్డంగిలో ఒక బ్రూవరీ కనిపిస్తుంది. అద్దాల వెనుక మెరిసే స్టీలు తొట్లు, ముందు బల్లల మీద పిల్లాపాపలతో కూర్చున్న స్థానికులు. మనవారిలో కొందరు కుతూహలంతో లోనికి వెళతారు. మరికొందరు మొగం తిప్పుకొని సాగిపోతారు. ఈ ఇరు వర్గాలవారికీ ఆసక్తి కలిగించగల విషయం ఒకటి ఆ తొట్లలో జరుగుతూ ఉంటుంది. అది రసాయనశాస్త్రం.

ఈ వ్యాసం ఎవరినీ తాగమని ప్రోత్సహించడానికి ఉద్దేశించినది కాదు. ఎదురుగా ఉన్నదానిని గూర్చి తెలుసుకొనడం, తెలిసినదానిని ఇంట్లో పిల్లలతో దాపరికం లేకుండా మాట్లాడగలగడం, ఈ రెండే దీని ప్రయోజనాలు.

బ్రూవరీలకు విజ్ఞానశాస్త్రం పడిన రుణం

మన పిల్లలు పాఠశాలలో నేర్చే పీహెచ్ మానం ఎక్కడ పుట్టింది? 1909లో, కోపెన్‌హాగన్ నగరంలోని కార్ల్స్‌బెర్గ్ బ్రూవరీకి చెందిన ప్రయోగశాలలో. దానిని ప్రతిపాదించినవాడు సోరెన్‌సెన్ అనే రసాయనశాస్త్రవేత్త. ఆహారపదార్థాలలో మాంసకృత్తుల పరిమాణాన్ని లెక్కకట్టే జెల్డాల్ పద్ధతి కూడా 1883లో ఆ ప్రయోగశాలలోనే రూపొందింది. అదే సంవత్సరం అక్కడే ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక కణంతో మొదలుపెట్టి శుద్ధమైన ఈస్టును పెంచి, బ్రూవరీలో వాడే విధానాన్ని నెలకొల్పాడు. గణాంకశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసిన 'స్టూడెంట్ టీ' పరీక్షను 1908లో ప్రకటించినవాడు విద్యార్థి కాడు. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో ఉద్యోగి అయిన గాసెట్. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు ప్రకటించడానికి కంపెనీ ఒప్పుకోనందున ఆయన ఆ మారుపేరును ఆశ్రయించాడు.

ఇంతటి శాస్త్రం ఎందుకు అవసరమయింది? బీరులో ఉండేవి ముఖ్యంగా నాలుగే దినుసులు: యవలు, హాప్స్, ఈస్టు, నీరు. కాని ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కొద్దిగా మారినా ఫలితం మారుతుంది. ఆ మార్పును అదుపులో ఉంచాలంటే కొలవక తప్పదు.

మొదటి దినుసు: మొలకెత్తిన గింజ

మన ఇళ్ళలో పసిపిల్లల కోసం రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి జావ కాచడం అమ్మమ్మలందరికీ తెలిసిన పని. మొలకెత్తిన రాగుల జావ మామూలు రాగిపిండి జావ కంటె పలుచగా, కొంచెం తియ్యగా ఉంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు, తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొట్టుకొనడానికి అమైలేజ్ అనే ఎంజైములను తయారుచేసుకొనడమే దీనికి కారణం. బీరు కోసం యవలను మాల్టుగా మార్చడంలోనూ నానబెట్టడం, మొలకెత్తించడం, ఆరబెట్టడం అనే ఈ మూడు దశలే ఉన్నాయి. 'రాగి మాల్టు' అని మనం డబ్బా మీద చదివే మాటలోని మాల్టు ఇదే.

బ్రూవరీలో మాల్టును నలగగొట్టి, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల నీటిలో ఒక గంటసేపు నానబెడతారు. అప్పుడు రెండు ఎంజైములు కలసి పనిచేస్తాయి. బీటా అమైలేజ్ పిండిపదార్థపు గొలుసును చివర నుండి రెండేసి గ్లూకోజ్ అణువుల చొప్పున తెంచి మాల్టోజ్ అనే చక్కెరను ఇస్తుంది. ఆల్ఫా అమైలేజ్ గొలుసును మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంచుతుంది. మొదటిదానికి 60 నుండి 65 డిగ్రీల వేడి అనుకూలం. రెండవది 70 డిగ్రీల దగ్గర కూడా చురుకుగా ఉంటుంది. కావున నీటిని 63 డిగ్రీల వద్ద ఉంచితే ఈస్టు తినగల చక్కెర ఎక్కువగా ఏర్పడి బీరు తేలికగా, తీపి తక్కువగా వస్తుంది. 69 డిగ్రీల వద్ద ఉంచితే ఈస్టు తినలేని డెక్స్‌ట్రిన్లు మిగిలి చిక్కగా వస్తుంది. ఆరు డిగ్రీల తేడాలో ఇంత వ్యత్యాసం!

రంగు సంగతి మరింత సులభం. దోసె పెనం మీద ఎర్రబడడానికీ, మాల్టు వేగేకొద్దీ ముదురు రంగు తేలడానికీ మూలం ఒకటే. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడిలో కలసి జరిపే మైయార్ చర్య అది. స్టౌటు అనే నల్లని బీరుకు కాఫీని తలపించే రుచి రావడానికి కారణం, దానిలో వాడే గింజను కాఫీగింజ వలె మాడేదాకా వేయించడమే. జర్మనీలోని బాంబెర్గ్ పట్టణంలో మాల్టును బీచ్ కట్టెల పొగ మీద ఆరబెట్టే పాత పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ బీరు గ్లాసు దగ్గరకు రాగానే కట్టెలపొయ్యి వాసన వస్తుంది. గ్వాయకాల్ వంటి ఫీనాలు ఆ వాసనకు మూలం.

రెండవ దినుసు: చేదునిచ్చే పువ్వు

హాప్స్ అనేది ఎత్తుగా పాకే తీగ. వృక్షశాస్త్రరీత్యా గంజాయి మొక్కకు దగ్గరి చుట్టం, కాని దానివలె మత్తునివ్వదు. ఆడ తీగల పూగుత్తులలోని పసుపుపచ్చని పుప్పొడి వంటి పదార్థంలో హ్యూములోన్ మొదలైన ఆల్ఫా ఆమ్లాలు ఉంటాయి. ఇవి నీటిలో సరిగా కరగవు, అంత చేదుగానూ ఉండవు. మాల్టు కషాయంలో వేసి ఒక గంట మరిగించినప్పుడు అణువులోని ఆరు కర్బనాల వలయం కుదించుకొని అయిదు కర్బనాల వలయంగా మారుతుంది. ఆ ఐసోహ్యూములోన్ నీటిలో కరుగుతుంది. బీరులోని చేదు అదే. అణువులో ఒక్క పరమాణువు కూడా తగ్గదు, పెరగదు. అమరిక మాత్రమే మారుతుంది. ఈ పదార్థాలు అనేక రకాల బాక్టీరియాను ఎదగనీయవు కనుక హాప్స్ బీరును నిలవ ఉంచడానికీ తోడ్పడతాయి.

హాప్స్‌లో సువాసననిచ్చే తైలాలు కూడా ఉన్నాయి: మిర్సీన్, లినలూల్, జెరానియోల్. గంటసేపు మరిగిస్తే ఇవి ఆవిరితో పాటు ఎగిరిపోతాయి. రసం మరిగేటప్పుడు మిరియాలు ముందే వేసి, కొత్తిమీర మాత్రం దింపేముందు చల్లడం మన వంటింటి మర్యాద. బ్రూవరీలోనూ అంతే. చేదు కోసం మొదట కొంత, వాసన కోసం చివర కొంత, ఒక్కొక్కప్పుడు పులిసిన తరువాత చల్లని తొట్టిలో మరికొంత వేస్తారు. ఆరెగన్ రాష్ట్రంలోని కార్వాలిస్ పరిశోధనాకేంద్రంలో అభివృద్ధి చేసిన కాస్కేడ్ అనే రకం 1972లో రైతులకు అందింది. దాని దబ్బకాయ తొక్క వంటి పరిమళం అమెరికా చిన్న బ్రూవరీలకు ఒక గుర్తింపుగా మారింది.

బీరు సీసాలు గోధుమరంగులో ఎందుకు ఉంటాయన్నది పిల్లలు అడగదగిన మంచి ప్రశ్న. వెలుతురు తగిలినప్పుడు బీరులోని రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిను, ఆ శక్తిని గ్రహించి ఐసోహ్యూములోన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ముక్క గంధకంతో కలసి స్కంకు వాసనను తలపించే థయాల్‌గా మారుతుంది. గోధుమరంగు గాజు ఈ చర్యకు కారణమైన కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. ఆకుపచ్చ గాజు అంతగా అడ్డుకోదు. అల్యూమినియం డబ్బా పూర్తిగా ఆపుతుంది.

హాప్స్ అధికంగా వేసే ఒక రకానికి 'ఇండియా పేల్ ఏల్' అని పేరు. మనకు, ఈ బీరుకు ఏమి సంబంధమని చాలామందికి సందేహం. ఇది మన దేశంలో పుట్టినది కాదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ, తరువాత బర్టన్ పట్టణపు బ్రూవరీలు భారతదేశంలోని ఆంగ్లేయుల కోసం ఓడలలో పంపిన బీరు ఇది. నెలల తరబడి సాగే సముద్రప్రయాణానికి తట్టుకొనేది కనుక, హాప్స్ దండిగా వేసిన పేల్ ఏల్ అక్కడ స్థిరపడింది. గమ్యస్థానం పేరే సరకుకు పేరయింది.

మూడవ దినుసు: కంటికి కనిపించని పనివారు

బవేరియాలో 1516లో వెలువడిన ప్రసిద్ధమైన శాసనం బీరులో యవలు, హాప్స్, నీరు మాత్రమే ఉండాలని నిర్దేశించింది. అందులో ఈస్టు పేరు లేదు. పులియడం ఒక జీవక్రియ అని అప్పటికి ఎవరికీ తెలియదు. పందొమ్మిదవ శతాబ్దంలో లూయీ పాశ్చర్ పరిశోధనలతోనే ఆ సంగతి స్థిరపడింది. 1876లో ఆయన బీరును గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే ప్రకటించాడు.

లెక్క సులభమైనది. ఒక గ్లూకోజ్ అణువు నుండి రెండు ఇథనాల్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు. చక్కెర బరువులో దాదాపు సగం గాలిలో కలసిపోతుందన్న మాట. అయితే ఈస్టు ఈ రెండింటితో ఆగదు. అతి స్వల్పమైన పరిమాణంలో వందలాది ఇతర పదార్థాలను తయారుచేస్తుంది. జర్మనీ గోధుమ బీరులో అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్ వలన, లవంగం వాసన వినైల్ గ్వాయకాల్ వలన వస్తుంది. ఆ బీరులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు.

ఏల్ రకాలను సుమారు 15 నుండి 22 డిగ్రీల వద్ద, లాగర్ రకాలను 8 నుండి 13 డిగ్రీల వద్ద పులియబెడతారు. లాగర్ ఈస్టు ఒక సంకరజాతి. తల్లిదండ్రులలో ఒకటి రొట్టెలకు వాడే ఈస్టే. రెండవది ఏదో చాలాకాలం అంతుపట్టలేదు. 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవులలో, బీచ్ జాతి చెట్ల మీద ఆ రెండవ జాతిని గుర్తించినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది చలిని ఓర్చుకొనగలదు. ఆ లక్షణమే లాగర్ ఈస్టుకు సంక్రమించింది.

ఇక మన తాటికల్లు, ఈతకల్లు సంగతి. వీటికి ఎవరూ ఈస్టు కలపరు. గీత కార్మికుడు చెట్టు మీద కట్టిన లొట్టిలో, గాలిలో ఉండే ఈస్టులు, బాక్టీరియా తమంతట తామే చేరి తియ్యని నీరాను కల్లుగా మారుస్తాయి. లొట్టి లోపల సున్నం పూస్తే క్షారగుణం వలన అవి ఎదగలేవు, నీరా తియ్యగానే మిగులుతుంది. పీహెచ్ అనే మాట పుట్టక పూర్వమే పీహెచ్‌ను అదుపు చేయడం మన పల్లెలకు తెలుసు. ఐరోపాలో దీనికి సరిజోడు బెల్జియం దేశపు లాంబిక్ బీరు. బ్రస్సెల్స్‌లో 1900లో స్థాపించిన కాంటియోన్ బ్రూవరీలో మరిగిన కషాయాన్ని వెడల్పాటి లోతులేని తొట్టిలో పోసి, చలికాలపు రాత్రిగాలికి వదిలేస్తారు. గాలిలోని సూక్ష్మజీవులతో పాటు చెక్కపీపాలలో కాపురముండేవి కూడా పని అందుకొంటాయి. కల్లు గంటల్లో తయారయితే లాంబిక్‌కు ఏళ్ళు పడుతుంది. పద్ధతి మాత్రం ఒక్కటే.

నాలుగవ దినుసు: నీరు

బీరులో తొంభై శాతానికి పైగా నీరే. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు బావులలో జిప్సం, అనగా కాల్షియం సల్ఫేటు అధికం. సల్ఫేటు హాప్స్ చేదును స్ఫుటంగా పైకి తెస్తుంది. అందుకే అక్కడి పేల్ ఏల్ ప్రసిద్ధికెక్కింది. చెక్ దేశంలోని పిల్జెన్ నీరు లవణాలు అతి తక్కువగా ఉన్న మృదుజలం. అక్కడ 1842లో యోసెఫ్ గ్రోల్ తయారుచేసిన బంగారురంగు లాగర్ నేడు ప్రపంచమంతటా తాగే బీరుకు మూలరూపం. ఈనాడు ఏ ఊరి నీటినైనా లవణాలు కలిపి బర్టన్ నీరుగా మార్చవచ్చు. అసలు నీరంటూ ఉండాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను తాకిడికి, బ్రూవరీలకు పేరుపొందిన ఉత్తర కారొలైనాలోని ఆష్‌విల్ నగరపు నీటిసరఫరా ఛిన్నాభిన్నమైంది. కుళాయిలలో మళ్ళీ తాగదగిన నీరు వచ్చేసరికి నవంబరు నడిమి దాటింది. నాలుగు దినుసులలో ఏది ముఖ్యమో ఆ ఊరికి వేరే చెప్పనక్కరలేదు.

ఎలా పుట్టాయి ఈ చిన్న బ్రూవరీలు?

అమెరికాలో 1920 నుండి 1933 వరకు సాగిన మద్యనిషేధం చిన్న బ్రూవరీలను దాదాపు తుడిచిపెట్టింది. నిషేధం ఎత్తివేసిన తరువాత పెద్ద కంపెనీలు మిగిలినవాటిని ఒక్కొక్కటిగా మింగివేశాయి. 1970ల చివరకు దేశం మొత్తం మీద వంద బ్రూవరీలు కూడా లేవు. తయారయ్యేదంతా ఇంచుమించు ఒకే రుచి గల పలుచని లాగర్.

మార్పుకు బీజం వేసినవారు కొద్దిమంది. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ అనే యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న ఆంకర్ బ్రూవరీని కొని నిలబెట్టాడు. నౌకాదళంలో పనిచేస్తూ స్కాట్లండులో స్థానిక బీరుల రుచి తెలుసుకున్న జాక్ మెకాలిఫ్, 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో పాడిపరిశ్రమకు చెందిన పాత తొట్లతో న్యూ ఆల్బియన్ బ్రూవరీ నెలకొల్పాడు. అది 1982లోనే మూతపడింది, కాని దాన్ని చూసి నేర్చుకున్నవారు నిలిచారు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వలన, సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకొనడం సమాఖ్య చట్టరీత్యా నేరం కాకుండా పోయింది. ఇంటి గరాజులలో చేయి తిరిగినవారే తరువాత బ్రూవరీలు పెట్టారు. 1980లో చికో పట్టణంలో మొదటి బీరు కాచిన సియెరా నెవాడా వ్యవస్థాపకుడు కెన్ గ్రాస్‌మన్ వారిలో ఒకడు.

నేడు దేశంలో బ్రూవరీల సంఖ్య తొమ్మిది వేలు దాటింది. అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. ఆంకర్ బ్రూవరీ చేతులు మారి చివరకు 2023లో మూతపడింది, 2024లో మరొక యజమాని దాన్ని కొన్నాడు. అదే 2024లో దేశం మొత్తం మీద కొత్తగా తెరుచుకున్న బ్రూవరీల కంటె మూతపడినవే ఎక్కువ. హైదరాబాదులో గత దశాబ్దంలో మైక్రోబ్రూవరీలు వెలిశాయి. సెలవులకు వెళ్ళిన మన పిల్లలకు అక్కడి బంధువులే వీటిని చూపిస్తున్నారు.

ఉత్సవాలు, యాత్రలు

గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్ 1982లో కొలరాడోలోని బౌల్డర్‌లో ఇరవై చిల్లర బ్రూవరీలతో మొదలై, తరువాత డెన్వర్ నగరానికి చేరింది. పోర్ట్‌లండ్ నదీతీరంలో ఆరెగన్ బ్రూవర్స్ ఫెస్టివల్ 1988లో ఆరంభమయింది. ఇంగ్లండులో 1971లో ఏర్పడిన వినియోగదారుల ఉద్యమం, సంప్రదాయ పద్ధతిలోని ఏల్ అంతరించకుండా కాపాడడానికి 1977 నుండి పెద్ద ఉత్సవాలు నడిపింది. మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ వీటన్నిటికీ పెద్దన్న. 1810 అక్టోబరులో యువరాజు లుడ్విగ్ వివాహ సందర్భంగా మొదలైన ఆ వేడుక ఇప్పుడు సెప్టెంబరులోనే ప్రారంభమవుతుంది. మ్యూనిక్ నగరపు ఆరు బ్రూవరీల బీరు మాత్రమే అక్కడ పోస్తారు.

డెన్వర్ ఉత్సవంలో ఒక్కొక్క నమూనా ఒక్క ఔన్సు మాత్రమే. అనగా సుమారు ముప్ఫై మిల్లీలీటర్లు. రుచి చూడడానికి అది చాలు. అనుభవజ్ఞులు ముందు రంగు, నురుగు చూస్తారు, తరువాత వాసన, ఆఖరున రుచి. తేలిక రకాలతో మొదలుపెట్టి ముదురు రకాలతో ముగిస్తారు. తాగనివారికీ ఈ యాత్రలో చూడదగినది ఉన్నది. చాలా బ్రూవరీలు సందర్శకులకు లోపలి భాగాలు చూపిస్తాయి. నానబెట్టే వేడి ఎంత? హాప్స్ ఎన్నిసార్లు వేస్తారు? ఈస్టును ఎన్ని తరాలు వాడతారు? నీటిలో ఏ లవణాలు కలుపుతారు? ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. వివరించే మనిషి మొగంలో వెలుగు చూస్తారు. హైస్కూలు పిల్లలకు ఇది ఒక రసాయనశాస్త్ర పాఠం. కొన్ని బ్రూవరీలు పిల్లలను అనుమతించవు కనుక ముందే కనుక్కొని వెళ్ళడం మంచిది.

లెక్క తప్పకూడని చోటు

ఇంతవరకు చెప్పినది తయారీ రసాయనం. శరీరంలో జరిగే రసాయనం చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

అమెరికాలో ఒక ప్రామాణిక పానీయమంటే 14 గ్రాముల ఆల్కహాలు, అనగా అయిదు శాతం గల 12 ఔన్సుల బీరు. కాని చిన్న బ్రూవరీలలో ఏడున్నర శాతం గల ఇండియా పేల్ ఏల్ సర్వసాధారణం. దానిని 16 ఔన్సుల గ్లాసులో ఇస్తే, చూడడానికి ఒక్క గ్లాసు, లెక్కలో రెండు పానీయాలు, 28 గ్రాములు. నాలుగేసి ఔన్సుల చిన్న గ్లాసులు నాలుగు వరుసగా పెట్టి ఇచ్చినా మొత్తం అంతే. పెద్దవారి కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాములు మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు. ఆ ఒక్క గ్లాసు ఒంట్లోంచి పోవడానికి మూడు నుండి నాలుగు గంటలు పడుతుంది. కాఫీ తాగినా, చన్నీటి స్నానం చేసినా ఈ వేగం పెరగదు.

విచ్ఛిన్నమయ్యే దారిలో ఆల్కహాలు మొదట అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది మన కణాలలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యపానీయాలను మానవులలో కాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది. చిన్న బ్రూవరీలో శ్రద్ధగా చేసినదైనా, కర్మాగారంలో చేసినదైనా ఇథనాల్ అణువు ఒకటే. దానికి కుల భేదం లేదు.

ఇక వాహనం. చాలా రాష్ట్రాలలో రక్తంలో 0.08 శాతం హద్దు, యూటా రాష్ట్రంలో 2018 చివరి నుండి 0.05. ఉద్యోగ వీసా మీదనో, విద్యార్థి వీసా మీదనో ఉన్నవారికి మరొక ప్రమాదం ఉన్నది. తాగి వాహనం నడిపినందుకు అరెస్టయితే చాలు, న్యాయస్థానంలో తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఒక్క సాయంకాలం మూలంగా ఏళ్ళ శ్రమ వృథా కావచ్చు. అందుచేత బ్రూవరీకి వెళ్ళేముందే ఆ రోజు చుక్క ముట్టకుండా కారు నడిపేది ఎవరో తేల్చుకోవాలి. అనేక ఉత్సవాలలో అటువంటివారికి తక్కువ ధరకు టిక్కెట్లు ఇస్తారు.

మన ఇళ్ళలో మద్యం మాట వస్తే మౌనం ఆవరించడానికి తగిన చరిత్ర ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఇవన్నీ మన తరం కళ్ళెదుట జరిగినవి. కూలిడబ్బులు సారాకొట్టుకు పోయిన ఇళ్ళలోని తల్లుల కన్నీరు ఆ ఉద్యమానికి మూలం. ఆ జ్ఞాపకాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కాని మన పిల్లలు పెరిగే ఊరు వేరు. ఇరవైఒక్క ఏళ్ళు నిండిన మరుసటి రోజు వారి మిత్రులు వారిని తీసుకొనిపోయేది మూల మీది బ్రూవరీకే. అప్పుడు వారికి తోడుండేది మన మౌనం కాదు, మనం ముందుగా చెప్పిన లెక్క.

గ్లాసు మీద శాతం ఎంత, ఔన్సులు ఎన్ని, కారు తాళం ఎవరి చేతిలో ఉంది. తాగే పిల్లలకైనా, తాగని పిల్లలకైనా ఈ మూడు ప్రశ్నలు నేర్పడం మన పని. వీటికి పైన, గింజ మొలకెత్తడం నుండి ఈస్టు పని దాకా ఎంత శాస్త్రం ఉన్నదో కూడా వారికి తెలిస్తే, ఆ గ్లాసును చూసి భయపడనూ భయపడరు, దాని ముందు తలవంచనూ వంచరు.